తూర్పారబట్టే మనిషి ఎవరు?
కృషికార్ లోక్ పార్టీ కథ

(గుంటూరు డెల్టాలోని ఒక పల్లెలో రాత్రి తరగతికి వచ్చిన కూలి జనంతో మేము మాట్లాడిన మాటల పాఠం. మధ్యమధ్య జనం అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నచోటే ఉంచాం.)



పొద్దుటినించీ నాట్లేసి వచ్చి నడుములు పట్టేసి కూచున్నారు. అందుకని డొంకతిరుగుడు లేకుండా మొదలుపెడతాం. ఇవాళ మేము మాట్లాడేది చచ్చిపోయిన ఒక పార్టీ గురించి. దాని పేరు కృషికార్ లోక్ పార్టీ. 1951లో కాంగ్రెసు చీలితే పుట్టింది. 1955 ఎలక్షన్ల తర్వాత మళ్లీ ఆ కాంగ్రెసులోనే కలిసిపోయింది. మొత్తం ఆయుష్షు నాలుగైదేళ్లు. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది ఆ పేరే విని ఉండరు.

"చచ్చిన పార్టీ మనకెందుకన్నా, బతికున్న పార్టీలతోనే చస్తున్నాం గదా!" అని వెనకనించి తమ్ముడొకడు అంటున్నాడు. మంచి మాటే అన్నాడు. ఆ సంగతి తేల్చడానికే ఈ కథ చెప్తున్నాం.

ముందు గుర్తుల సంగతి చెప్తాం. 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో ఇప్పటి మాదిరి మిషన్లు లేవు. ఒకే కాగితం మీద అన్ని గుర్తులూ వేసి ముద్ర కొట్టడం కూడా లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది. పెట్టె మీద గుర్తు. చీటీ తీసుకెళ్లి తనకి ఇష్టమైన పెట్టెలో వెయ్యాలి. చదువురాని మనకి గుర్తే పార్టీ పేరు, గుర్తే జెండా. ఆ పెట్టెల మీద ఏమేం బొమ్మలున్నాయో వినండి. కాంగ్రెసుది కాడి కట్టిన జోడెడ్లు. కమ్యూనిస్టులది కంకి కొడవలి. కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీది గుడిసె. కృషికార్ లోక్ పార్టీది ధాన్యం తూర్పారబట్టే మనిషి.

ఒక్కసారి ఆలోచించండి. ఎడ్లు తోలింది ఎవరు? కొడవలి పట్టింది ఎవరు? గుడిసెలో ఉన్నది ఎవరు? కళ్లంలో ఎదురుగాలికి నిలబడి, చేట తలకెత్తి, కళ్లల్లో పొల్లు పడుతుంటే ధాన్యం తూర్పారబట్టింది ఎవరు? మీ అమ్మ, మా అమ్మ, మన అవ్వలు. బాబాసాహెబ్ పెట్టిన షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ గుర్తు ఏనుగు. అదొక్కటే మన చాకిరీ బొమ్మ కాదు. మిగతా పెట్టెల మీద మన రెక్కల కష్టం బొమ్మ గీసి, ఆ పెట్టెలో మన ఓటు వెయ్యమన్నారు. బొమ్మ మనది, పెట్టె వాళ్లది.

ఆ తూర్పారబట్టే మనిషి బొమ్మ కింద పార్టీవాళ్లు చెప్పిన పేరు "రైతు". కృషికారుడు అంటే సేద్యం చేసేవాడు. పేరు వరకూ తీసుకుంటే మనమే కృషికారులం. మరి ఆ పార్టీ మనదేనా? ఇదీ ఇవాళ మేము విప్పదలుచుకున్న ముడి.

ఆ పార్టీ పెట్టినాయన ఆచార్య ఎన్.జి. రంగా. ఆయన పరాయివాడు కాడు. తెనాలిలో చీరాల పాసింజరు ఎక్కితే చుండూరు దాటాక నిడుబ్రోలు స్టేషను వస్తుంది చూడండి, అదే ఆయన ఊరు. 1900లో పుట్టాడు. కమ్మ రైతు కుటుంబం. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివొచ్చి మద్రాసులో పాఠాలు చెప్పాడు. ఆ ఆచార్య అనే మాట అక్కడినించి వచ్చిందే. ఆయన్ని తిట్టడానికి మేము రాలేదు. చేసిన మంచి చెప్పకుండా చెడ్డ చెప్పడం మనకి అలవాటు కాకూడదు. జమీందార్ల మీద రైతుల్ని కూడగట్టడంలో ఆయన ముందున్నాడు. వెంకటగిరి జమీందారీ రైతుల కోసం తిరిగాడు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుడితే దానికి ప్రధాన కార్యదర్శి ఆయనే. 1923లోనే తన ఇంటి మంచినీళ్ల బావి హరిజనులకి తెరిచాడని ఆయన జీవితకథల్లో రాస్తారు. ఆ రోజుల్లో, ఆ ఊళ్లో, అది చిన్న పనేం కాదు. ఒప్పుకుందాం.

అయితే బావి వేరు, కాలువ వేరు. బావి తెరిస్తే గొంతు తడుస్తుంది. కాలువ కింద పొలం దొరికితే కడుపు నిండుతుంది. బావి దాకా వచ్చినవాళ్లు కాలువ దాకా ఎందుకు రాలేదో చూద్దాం.

"రైతు" అనే మాట కథ కూడా కొంచెం తెలుసుకోవాలి. 1908 మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టంలో రైతు అంటే శిస్తు కట్టే షరతు మీద భూమి పట్టుకున్నవాడు. దున్నేవాడని కాదు, పట్టుకున్నవాడని. అరక పట్టిన పాలేరు ఆ లెక్కలోకి రాడు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. జమీందారు పోయాడు. మంచిదే, పోవాల్సిందే. అయితే జమీందారు కింద ఉన్న రైతుకి ప్రభుత్వం పట్టా వచ్చింది గానీ, ఆ రైతు కింద ఉన్న మాలకీ మాదిగకీ ఏం వచ్చింది? యజమాని మారలేదు, యజమాని మీద యజమాని మారాడు. జమీందారు మీద పోరాటంలో "మనమంతా ఒకటే" అన్న రైతు, గెలిచి పట్టా చేతికొచ్చాక "నువ్వు కూలి, నేను రైతు" అన్నాడు. మన పెద్దలు దీన్ని ఒక్క ముక్కలో చెప్పేవారు: ఊరేగింపుకి పిలిచారు, విస్తరి దగ్గరికి పిలవలేదు.

ఇక 1951 చీలిక. ఆంధ్ర ప్రాంత కాంగ్రెసు కమిటీకి అధ్యక్షుడు ఎవరవ్వాలని పోటీ వచ్చింది. అటు నీలం సంజీవరెడ్డి, ఇటు రంగా. సంజీవరెడ్డి గెలిచాడు. రంగా, టంగుటూరి ప్రకాశం, వాళ్ల అనుచరులు కాంగ్రెసులోనించి బయటికొచ్చారు. బయటికొచ్చినవాళ్లు కూడా కలిసి ఉండలేదు. ప్రకాశం కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ వైపు పోయాడు. రంగా కృషికార్ లోక్ పార్టీ పెట్టాడు.

ఇక్కడ మేము మిమ్మల్ని ఒకటి అడుగుతాం. ఈ తగాదాలో కూలి రేటు గురించి తగాదా ఉందా? బంజరు పంపకం గురించి ఉందా? పాలేరు జీతం గురించి ఉందా? లేదు. రెడ్లలో పెద్దవాడా, కమ్మల్లో పెద్దవాడా, బ్రాహ్మల పెద్దరికం ఇంకెన్నాళ్లు, ఇదీ అసలు తగాదా. పైకి సిద్ధాంతం మాట్లాడారు. మాట్లాడక తప్పదు గదా, జనం ముందు "నాకు పదవి రాలేదు" అని ఎవడంటాడు? అమెరికానించి సెలిగ్ హారిసన్ అనే ఆయన వచ్చి ఆంధ్ర రాజకీయాల్లో కులం సంగతి చూసి 1956లో ఒక వ్యాసం రాస్తే, చదువుకున్నవాళ్లంతా ఏదో కొత్త విషయం కనిపెట్టినట్టు ఆశ్చర్యపోయారు. మన పల్లెలో పశువులు కాసే పిల్లవాణ్ణి అడిగినా చెప్పేవాడు.

ఆ కొత్త పార్టీ స్వభావం ఏమిటంటే, అది జమీందార్ల పార్టీ కాదు, కూలీల పార్టీ అంతకన్నా కాదు. సొంత పట్టా, నాలుగెడ్లు, ఇద్దరు పాలేర్లు ఉన్న ఆసాముల పార్టీ. ఎడమ కుడి అని రాజకీయాల్లో అంటారే, నడిమధ్యలో నిలబడి కుడివైపుకి ఒరిగిన పార్టీ. పైవాడిది నాకు కావాలి, నాది కిందివాడికి పోకూడదు, ఇదీ దాని సారం.

1952 ఎన్నికల కమిషను దాన్ని దేశం మొత్తం మీద గుర్తింపు ఉన్న పార్టీల్లో చేర్చింది. ఢిల్లీలో లెక్కకి దేశపార్టీ, నిజానికి మన ఆంధ్ర జిల్లాల పార్టీ. ఫలితాల్లో లోక్‌సభకి ఒక్క స్థానం, మద్రాసు శాసనసభకి 15 స్థానాలు వచ్చాయి. అదే ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర ప్రాంతపు 140 స్థానాల్లో కమ్యూనిస్టులకి 41, కాంగ్రెసుకి 40. సంజీవరెడ్డి అంతటివాడు అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయాడు. ఎట్లా జరిగింది ఇది? పెద్దకులాల ఓటు మూడు నాలుగు పెట్టెల్లో చీలిపోయింది. కూలివాడి ఓటు చాలాచోట్ల కంకి కొడవలి పెట్టెలో పడింది. వాళ్ల చీలిక సందులోనించి మన ఓటుకి మొదటిసారి దారి దొరికింది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాలి.

ఒక అక్క అడుగుతున్నది, "అప్పుడు మనవాళ్లకి రిజర్వుడు సీట్లు లేవా?" అని. ఉన్నాయి, కానీ ఇప్పటిలా కాదు. ఒకే నియోజకవర్గంలో ఇద్దరు సభ్యులు, ఒకటి జనరలు, ఒకటి రిజర్వుడు. ఓటరుకి రెండు ఓట్లు. చూడ్డానికి న్యాయంగానే ఉంది. కానీ రిజర్వుడు సీటులో నిలబడ్డ మనవాడు జనరలు అభ్యర్థి బండెక్కి, ఆయన ఖర్చుతో, ఆయన వెనకాల చేతులు కట్టుకుని తిరగాల్సి వచ్చేది. ఊరి ఓటు లేకపోతే పల్లె ఓటుతో గెలవలేడు. బాబాసాహెబ్ అంతటివాణ్ణే 1952లో బొంబాయిలో అట్లాంటి జోడు నియోజకవర్గంలో ఓడించారు. ఆ ఎన్నికల్లో ఫెడరేషనుకి లోక్‌సభలో దక్కినవి రెండే స్థానాలు. అందులో ఒకటి మన తెలుగుగడ్డ మీదే, అప్పటి హైదరాబాదు రాష్ట్రంలోని కరీంనగరు.

ఆ జోడు సీట్లు ఎట్లా పోయాయో కూడా చెప్తాం, కాస్త నవ్వుకోండి. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి జనరలు సీటుకి నిలబడ్డాడు. లెక్కపెడితే రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే వచ్చాయి. ఒకాయన రిజర్వుడులో, రెండో ఆయన ఓట్లు ఎక్కువొచ్చి జనరలులో. గిరి సుప్రీంకోర్టు దాకా పోయాడు. 1959లో కోర్టు గిరిజనుడిదే న్యాయం అంది. 1961లో జోడు నియోజకవర్గాలనే చట్టం చేసి తీసేశారు. మనవాడు వాళ్ల వెనకాల తిరిగినన్నాళ్లూ ఆ పద్ధతి బాగుంది. మనవాడు వాళ్ల కుర్చీలో కూచోగానే పద్ధతిలో లోపం కనిపించింది.

సరే, కథలోకి వద్దాం. పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం తర్వాత 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ప్రకాశం ముఖ్యమంత్రి. ఏడాది తిరక్కముందే ఆ ప్రభుత్వానికి కల్లు దగ్గర చిక్కొచ్చింది. అప్పటికి రాష్ట్రంలో మద్యనిషేధం ఉంది. తాటిచెట్టు ఎక్కి బతికే గీత కులాల పొట్ట కొట్టింది ఆ నిషేధం. కల్లు గీస్తే కేసు, గీయకపోతే పస్తు. నిషేధం మీద విచారణకి వేసిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తెయ్యమంది. ప్రకాశం ప్రభుత్వం ఎత్తెయ్యలేదు.

ఇక్కడ కృషికార్ లోక్ పార్టీలో మనకి పనికొచ్చే మనిషి ఒకడు కనిపిస్తాడు. గౌతు లచ్చన్న. శ్రీకాకుళం వైపు, బారువలో 1909లో పుట్టాడు. గీత కులం. సర్దార్ అని జనమే పిలుచుకున్నారు. గీత కార్మికుల కోసం ఆయన గట్టిగా నిలబడ్డాడు. ప్రకాశం ప్రభుత్వాన్ని కూల్చడంలో ముందు నిలిచినవాళ్లలో ఆయన ఒకడు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. కమ్యూనిస్టులూ ప్రభుత్వానికి ఎదురుగా ఓటేశారు. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఒకే ఒక్క ఓటు!

ఆడవాళ్లు కొందరు మొహం చిట్లిస్తున్నారు, కల్లు కోసం ప్రభుత్వం కూల్చడం గొప్పా అని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటనించి లేచిన సారా ఉద్యమంలో మనవాళ్లు కూడా చీపుళ్లు పట్టుకుని నిలబడ్డారు గదా, ఆ కోపం న్యాయమే. కానీ సారా కాంట్రాక్టరు వేరు, తాటిచెట్టు ఎక్కేవాడు వేరు. కాంట్రాక్టరుకి లాభం, వీడికి చెట్టు మీదనించి పడితే చావు. లచ్చన్న అడిగింది చెట్టెక్కేవాడి తిండి. మొత్తం ఆ పార్టీ చరిత్రలో చేతుల్తో పనిచేసే ఒక కులం కోసం పదవిని పణంగా పెట్టిన సందర్భం ఇదొక్కటే మాకు కనిపించింది. అందుకే ఇంతసేపు చెప్పాం. కానీ ఒక ప్రశ్న మిగులుతుంది. గీత కులానికి దొరికినట్టు మాల మాదిగలకి ఆ పార్టీలో ఒక లచ్చన్న ఎందుకు దొరకలేదు? గీతవాడి డిమాండు సర్కారు మీద. చెట్టు ఎక్కనియ్యమని. దానివల్ల ఆసామికి పోయేదేం లేదు. మన డిమాండు నేరుగా ఆసామి మీద. కూలి పెంచమని, భూమి ఇమ్మని. ఆసాముల పార్టీలో కూచుని ఆసామి మీద డిమాండు పెట్టేవాడు ఎట్లా పుడతాడు?

ఇప్పుడు అసలు ఘట్టం. 1954 నవంబరులో ప్రభుత్వం పడింది. 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు. మధ్యలో మూడు నెలలు. ఆ మూడు నెలల్లో ఏం జరిగిందో చూడండి. కాంగ్రెసు, ప్రకాశం ప్రజాపార్టీ, రంగా కృషికార్ లోక్ పార్టీ, ముగ్గురూ కలిసి ఐక్య కాంగ్రెసు కూటమి కట్టారు! 1951లో ఒకడి మొహం ఒకడు చూడనని బయటికొచ్చినవాళ్లు, నిన్నగాక మొన్న ఒకడి ప్రభుత్వాన్ని ఒకడు పడగొట్టినవాళ్లు, సీట్లు పంచుకుని ఒకే పందిట్లో కూచున్నారు. ఎవరు కలిపారు వాళ్లని? ఢిల్లీనించి ఎస్.కె. పాటిల్ వచ్చి ఏర్పాట్లు చూశాడు, నిజమే. కానీ అసలు కలిపింది పాటిల్ కాదు. 1952 పెట్టెల్లో పడ్డ కూలివాడి చీటీ కలిపింది. కమ్యూనిస్టులు గెలిస్తే ఆంధ్రలో ప్రభుత్వమే వాళ్లదవుతుందన్న భయం కలిపింది. భూమి పోతుందన్న మాట చెవిన పడగానే రెడ్డీ కమ్మా బ్రాహ్మడూ తేడాలన్నీ మూటకట్టి అటక మీద పెట్టేశారు.

ఫలితాలు వినండి, రాసుకునేవాళ్లు రాసుకోండి. మొత్తం 196 స్థానాలు. కాంగ్రెసు 119. కృషికార్ లోక్ పార్టీ 22. ప్రజాపార్టీ 5. కూటమికి కలిపి 146. కమ్యూనిస్టులు 15. 1952లో ఇంతకన్నా తక్కువ సీట్లున్న ప్రాంతంలో 41 గెలిచిన పార్టీ 15కి పడింది. అయితే వాళ్లకి ఓట్లు తగ్గాయా? అక్కడే ఉంది కిటుకు. 1952లో వాళ్ల ఓటు నూటికి 22 దగ్గర. 1955లో నూటికి 31. ఓట్లు పెరిగాయి, సీట్లు మూడోవంతుకి పడిపోయాయి. పల్లె ఓటు చెదరలేదు, పెరిగింది కూడా. ఊరి ఓటు ఒక్కటైంది, అంతే.

మా పెద్దవాళ్లు ఆ ఎన్నికల సంగతి చెప్పేవారు. పోలింగునాడు ఎప్పుడూ లేనిది పల్లెలోకి ఎడ్లబండ్లు వచ్చాయట, ఎక్కండ్రా ఎక్కండి అని. మామూలు రోజుల్లో బండి పక్కన చెప్పులు చేతబట్టుకుని నడిచేవాణ్ణి ఆ రోజు బండి మీద కూచోబెట్టారు. ఓటేసి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం బండి లేదు. నడిచే వచ్చారు. మర్నాడు కొందరిని పనిలోకి రావద్దన్నారు, ఎవరికి వేశారో లెక్క కట్టుకుని. ఇది పుస్తకంలో ఉన్నమాట కాదు, మా ఇళ్లల్లో విన్నమాట.

కమ్యూనిస్టుల గురించి కూడా ఒక మాట అనకపోతే మేము పక్షపాతం చేసినట్టు. కూలి సంఘాలు కట్టారు, కూలి రేటు కోసం కొట్లాడారు, మనతో కలిసి కూచుని తిన్నారు. కాదనం. కానీ మోసింది మన భుజాలు, నడిపింది ఎక్కువగా కమ్మ రెడ్డి ఇళ్లల్లో పుట్టిన నాయకులు. అటు కూటమిలోనూ ఆ కులాలే, ఇటు ప్రతిపక్షంలోనూ ఆ కులాలే. కళ్లం ఇద్దరిదీ, చేట మనది.

1955 మార్చిలో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. లచ్చన్నకి మంత్రి పదవి వచ్చింది. కృషికార్ లోక్ పార్టీ కాంగ్రెసులో కలిసిపోయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడితే మొదటి ముఖ్యమంత్రి ఎవరు? నీలం సంజీవరెడ్డి. 1957లో తెనాలినించి కాంగ్రెసు టిక్కెట్టు మీద లోక్‌సభకి పోయింది ఎవరు? రంగా. 1951 శత్రువులిద్దరూ ఒకే జోడెడ్ల గుర్తు కింద!

ఇక తర్వాతి భాగం త్వరగా చెప్పేస్తాం. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ భూమికి పరిమితి పెట్టాలని, సహకార సేద్యం చెయ్యాలని తీర్మానించింది. తీర్మానమే, చట్టం కూడా కాదు. రంగా మళ్లీ బయటికొచ్చాడు. ఆ ఏడాదే రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యాడు. ఈసారి పక్కన ఎవరు కూచున్నారో చూడండి. జైపూరు మహారాణి గాయత్రీదేవి లాంటివాళ్లు. జమీందార్ల మీద రైతుల్ని నడిపించిన మనిషి రాజులూ రాణుల పార్టీకి అధ్యక్షుడు! పైవాడి భూమి తీసుకోవాల్సిన పని అయిపోయింది. ఇక మిగిలింది కిందివాడికి పోకుండా కాపాడుకోవడం. ఆ పనికి రాజులైనా తోడే. లచ్చన్న కూడా అందులో చేరాడు. 1962లో రాష్ట్ర శాసనసభలో ఆ పార్టీకి 19 స్థానాలు, 1967లో 29. లోక్‌సభలో 1967లో 44. తర్వాత కరిగిపోయి 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసింది. రంగా అంతకుముందే కాంగ్రెసు గూటికి తిరిగొచ్చి, 1980లో గుంటూరునించి మళ్లీ లోక్‌సభకి గెలిచాడు. 1995లో పోయాడు. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు.

ఇదే సేద్యం మీద బాబాసాహెబ్ ఏమన్నాడో మనవాళ్లకే తెలీదు. 1947లో రాజ్యాంగ సభ కోసం ఆయన తయారుచేసిన "రాష్ట్రాలు, మైనారిటీలు" పత్రంలో వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమ చెయ్యమన్నాడు. భూమి ప్రభుత్వానిది కావాలి, ఊళ్లోవాళ్లకి కులం చూడకుండా ఇవ్వాలి, అందరూ ఉమ్మడిగా సాగు చెయ్యాలి, అప్పుడు భూస్వామీ ఉండడు, కౌలుదారూ ఉండడు, భూమిలేని కూలీ ఉండడు అన్నాడు. నాగపూరు తీర్మానం దానిముందు నీళ్ల మజ్జిగ. ఆ నీళ్ల మజ్జిగకే ఒక పార్టీ చీలి ఇంకో పార్టీ పుట్టింది. బాబాసాహెబ్ చెప్పింది చెప్పినట్టు చేస్తే ఎన్ని పార్టీలు ఏకమయ్యేవో మీరే ఊహించుకోండి.

"ఇదంతా పాతకాలం గదయ్యా" అంటున్నారు పెద్దాయన. పాతకాలమా? మన పల్లెలో ఎంతమంది కౌలుకి చేస్తున్నారు, చేతులెత్తండి. చూశారా, సగం మంది. 2019లో కేంద్రం ప్రధానమంత్రి కిసాన్ డబ్బులు మొదలుపెట్టింది, ఏడాదికి 6,000 రూపాయలు. ఎవరికి? భూమి పేరున ఉన్న కుటుంబానికి. తెలంగాణలో 2018లో రైతుబంధు తెచ్చారు. పట్టాదారుకి ఎకరాల లెక్కన ఇచ్చారు, కౌలుదారుకి ఇవ్వలేదు. పొలంలో దిగనివాడు, హైదరాబాదులో ఉండేవాడు, అమెరికాలో ఉండేవాడు రైతు. బురదలో నిలబడ్డవాడు రైతు కాడు. 1908 చట్టంలో రాసిన "పట్టుకున్నవాడు" ఇంకా చావలేదు. కృషికార్ లోక్ పార్టీ చచ్చింది గానీ, రైతు అనే మాటకి అది చెప్పిన అర్థం అన్ని పార్టీల్లోనూ బతికే ఉంది.

పార్టీలు చీలినప్పుడల్లా మన పల్లెకి రెండు జెండాలు వస్తాయి. 1995 ఆగస్టులో తెలుగుదేశం చీలినప్పుడు ఎన్టీ రామారావు వైపా, చంద్రబాబు నాయుడు వైపా అని మనలో మనం కొట్టుకున్నాం, గుర్తుందా? రెండువైపులా ఊరివాళ్లే, మధ్యలో తలకాయలు పగిలింది మనవి. ఆ చీలిక మీద ఒక్కడన్నా "కూలి ఎంతిస్తారు, బంజరు ఎవరికిస్తారు" అని అడిగాడా? మేమూ అడగలేదు. మాకూ అప్పుడు తెలీలేదు. మన సంఘాలు చీలినప్పుడు కూడా మేము అంతే. తగాదా దేనిమీద అని అడగకుండా మనిషిని చూసి అటోళ్లు అటు, ఇటోళ్లు ఇటు పోయాం. ఆ తప్పు మాది, ఇంకొకరి మీద పెట్టం.

పొద్దుపోయింది, లాంతరులో నూనె కూడా అయిపోవస్తోంది. ఒక పని చెప్పి ముగిస్తాం. 1955లో ఓటెయ్యాలంటే 21 ఏళ్లు నిండాలి. అంటే ఆనాడు ఓటేసినవాళ్లు ఎవరన్నా మిగిలి ఉంటే ఇప్పుడు తొంభై దాటి ఉంటారు. మీ పల్లెలో, మీ చుట్టాల పల్లెల్లో అట్లాంటి అవ్వా తాతా ఎవరన్నా ఉన్నారేమో ఆరా తియ్యండి. ఏ గుర్తు పెట్టెలో వేశారు, ఎవరు తీసుకెళ్లారు, మర్నాడు పనిలోకి రానిచ్చారా, ఆనాడు కూలి ఎన్ని గిద్దలు, అడిగి రాసుకు రండి. రాయడం రానివాళ్లు బళ్లో చదివే పిల్లల చేత రాయించండి. వచ్చే పక్షం ఇక్కడే, ఈ చింతచెట్టు కిందే కూచుని అవన్నీ చదువుకుందాం.